మనం తాగని కుళాయి

పోయిన ఏప్రిల్ చివర్లో నానమ్మ సంవత్సరీకానికి ఊరెళ్లాం. ఇల్లంతా బంధువులు. మా చిన్నాన్న మనవడు, ఐదేళ్లవాడు, ఎండలో ఆడి ఆడి వచ్చి పెరట్లో కుళాయి తిప్పి గ్లాసు పట్టాడు. గ్లాసు పెదాలకి తగిలిందో లేదో నలుగురం ఒక్కసారే అరిచాం. "ఒరేయ్, అవి తాగకూడదు!" వాడు బెదిరిపోయి గ్లాసు వదిలేశాడు. వదిన లోపల్నుంచి టిన్ను నీళ్లు తెచ్చి పట్టించింది.

అరగంట తర్వాత చిట్టెమ్మ అంట్లు తోమడం ముగించి, చేతులు కడుక్కుని, తను తెచ్చుకున్న రెండు లీటర్ల సీసాని అదే కుళాయి కింద పెట్టింది. నిండాక మూత బిగించి, కొంగుతో తడి తుడిచి సంచిలో వేసుకుంది. ఆ అరిచిన నలుగురం అక్కడే విస్తళ్లు లెక్కపెడుతున్నాం. ఒక్కరం కూడా నోరు మెదపలేదు. చూడకపోవడం కాదు. చూశాం. అందులో అనాల్సిందేదో ఉందని మాకు తోచలేదు.

పదిరోజులకి నేను హైదరాబాద్‌లో ఉండగా వదిన ఫోన్ చేసింది. ఊళ్లో చివరి వీధిలో వాంతులు, విరేచనాలు. పదకొండు మందిని పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అందులో చిట్టెమ్మ కొడుకు ఒకడు, మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. అందరూ కోలుకుని ఇంటికొచ్చారు, అది అదృష్టం. "మనింట్లో ఎవరికీ ఏం కాలేదులే, టెన్షన్ పడకు. మనం టిన్ను తాగుతాం కదా" అంది వదిన.

ఆ "కదా" నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పట్నుంచి ఆలోచిస్తూ, ఊళ్లో తిరిగి చూస్తూ, కొంతమందితో వాదించి నేనొచ్చిన అభిప్రాయం ఇది. అడగగలిగినవాళ్లు తాగడం మానేసిన నీళ్లకి కాపలా ఉండదు. ఊరికి మంచినీళ్లు కావాలంటే ఫిల్టర్లు, పైపులు, నిధులు అన్నీ కావాలి, నిజమే. కానీ వాటన్నిటికంటే ముందు, సర్పంచి ఇల్లు, టీచరు ఇల్లు, మా ఇల్లు తిరిగి కుళాయి నీళ్లు తాగాలి. కనీసం తాగబోతున్నవాళ్లలా ఆ నీళ్ల గురించి పట్టించుకోవాలి.

మంచినీళ్ల చెరువు

గోదావరి డెల్టా ఊళ్లలో పెరిగినవాళ్లకి మంచినీళ్ల చెరువంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. గేదెలకి వేరే చెరువు, బట్టలకి వేరే రేవు. మంచినీళ్ల చెరువులో కాళ్లు కడిగితే పెద్దవాళ్లు కేకలేసేవాళ్లు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు గట్టు తెగకుండా చూసుకుని నిండుగా పెట్టుకునేవాళ్లు, ఎందుకంటే మళ్లీ జూన్‌లో కాలువ వదిలేదాకా అవే నీళ్లు. నానమ్మ బిందె లోపలి గోడకి చిల్లగింజ అరగదీసేది. పొద్దున పోసిన బురద నీళ్లు మధ్యాహ్నానికి అడుగున ఒండ్రు వదిలేసి పైన తేటగా తేలేవి.

ఇలా చెబుతుంటే ఆ రోజులే బాగున్నాయని అంటున్నట్టు ఉంటుంది. అది నా ఉద్దేశం కాదు. తేటగా కనిపించిన నీళ్లలో కలరా ఉండేది. మెట్లబావుల్లో దిగి నీళ్లు ముంచుకున్న ఊళ్లలో నారికురుపు ఉండేది, కాలి పుండులోంచి పురుగుని పుల్లకి చుట్టి రోజుకి కొంచెం చొప్పున లాగిన ముసలివాళ్లని చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మన దేశం దాన్నుంచి బయటపడిందని 2000లో గానీ ప్రకటించలేదు.

ఇంకా పెద్ద విషయం ఇంకోటి ఉంది. "చెరువు పాడుచెయ్యొద్దు" అని కేకలేసే హక్కు అందరికీ ఉండేదా? 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర అగ్రకులం కుర్రాడొకడు గేదెని కడిగాడు. మురికి నీళ్లు చెరువులోకి పోతున్నాయని మాదిగపల్లెవాళ్లు అడ్డుచెప్పారు. నీళ్లకొచ్చిన ఒక స్త్రీ కొట్టబోయినవాళ్ల మీదికి బిందె ఎత్తింది. మర్నాడు ఊరి పెద్దకులం వాళ్లు గుంపుగా వచ్చి పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ ఘటన గురించి మనం కులం సంగతిగా మాట్లాడుకుంటాం, అది సరైనదే. నాకు మాత్రం ఈమధ్య అది నీళ్ల సంగతిగా కూడా గుర్తొస్తోంది. మా నీళ్లు మురికి చెయ్యొద్దు అన్నందుకు ప్రాణాలు పోయాయి. ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా ఆ మాట ఎవరు అనగలరు, ఎవరంటే పంచాయతీ వింటుంది అన్నదే అసలు ప్రశ్న.

మా చెరువుకి కాపలా ఎందుకుండేదో ఇప్పుడు అర్థమవుతోంది. మునసబుగారింటి బిందె కూడా అందులోనే మునిగేది కాబట్టి. చివరి వీధివాళ్ల మీద ప్రేమతో ఎవరూ కాపలా కాయలేదు. వాళ్లని ఆ రేవులో దిగనిచ్చేవాళ్లే కాదు, ఎవరో ఒకరు జాలిపడి వాళ్ల కుండలో పోసేదాకా గట్టు కింద నిలబడేవాళ్లని నానమ్మే చెప్పేది. ఊళ్లోకి కుళాయిలొచ్చాక, మొదటిసారి రెండు వీధుల నోటికీ ఒకే నీళ్లు అందాయి. అది కొద్ది సంవత్సరాలే నడిచింది. తర్వాత టిన్ను వచ్చింది.

అడిగేవాళ్లు వెళ్లిపోయారు

మా ఊళ్లో మొదటి వాటర్ ప్లాంటు పెట్టి పదేళ్లు దాటింది. 2014లో రెండు రూపాయలకి ఇరవై లీటర్లంటూ ప్రభుత్వమే సుజల పథకం తెచ్చింది, దాని వెనకే ప్రైవేటు ప్లాంట్లు వీధికొకటి లేచాయి. మొదట పెళ్లిళ్లకి తెచ్చుకున్నాం. తర్వాత చుట్టాలొచ్చినప్పుడు. తర్వాత రోజూ. ఇప్పుడు ఆటో హారను వినిపిస్తే ఖాళీ టిన్ను అరుగు మీద పెట్టడం పాలప్యాకెట్టు తీసుకున్నంత మామూలైపోయింది.

అదే సమయంలో పంచాయతీలో కుళాయి గురించి ఫిర్యాదులు తగ్గాయి. నీళ్లు బాగుపడి కాదు. మా నాన్న ఒకప్పుడు నీళ్లు కొంచెం రంగు మారితే గ్లాసులో పట్టుకుని పంచాయతీ ఆఫీసుకెళ్లి బల్ల మీద పెట్టేవాడు. "ముందు నువ్వు తాగు, తర్వాత మాట్లాడదాం" అనేవాడు. ఆయన ఆఖరిసారి అలా ఎప్పుడెళ్లావని అడిగితే ఆలోచించి, "టిన్ను మొదలెట్టాక వెళ్లలేదమ్మా. ఇప్పుడు ఆ నీళ్లు స్నానానికే కదా" అన్నాడు. మా నాన్న మారిపోయాడని కాదు. అవసరం తీరిపోయింది. అవసరం తీరనివాళ్లు గ్లాసు పట్టుకెళ్తే బల్ల మీద పెట్టనివ్వరు.

ఈ మాటంటే మా వదిన తమ్ముడు గట్టిగా ఒప్పుకోలేదు. నీళ్లలో ఫ్లోరైడున్న నల్గొండ సంగతేంటని అడిగాడు. అది మంచి ప్రశ్న. 1930ల్లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి కాడి లాగలేకపోతున్నాయని రైతులు గమనించారు. 1937లో వైద్యులు దర్శి, పొదిలి వైపు మనుషుల్లోనూ అదే జబ్బుందని, కారణం నీళ్లలో ఫ్లోరైడని రాశారు. తర్వాత నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ పక్కన వంగిపోయిన వెన్నులు, ముప్పై ఏళ్లకే కర్ర పట్టుకున్న మనుషుల్ని దేశమంతా చూసింది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడని ఫ్లోరైడుని కంటితో చూడలేం, వాసన చూడలేం, కాచినా పోదు. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చేదాకా అక్కడ ఒక తల్లి ఆర్‌ఓ నీళ్లు, అంటే కరిగిన లవణాల్ని కూడా వడకట్టే ప్లాంటు నీళ్లు, కొనిందంటే, ఆ డబ్బుతో బిడ్డ ఎముకలు కాపాడుకుంది. ఆమెకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అలాంటి చోట టిన్ను అవసరం.

కానీ మా ఊళ్లో నీళ్లు గోదావరి కాలువవి. ఇక్కడ నీళ్లలో కరిగిన లవణాలు తక్కువ. లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించని చోట ఆర్‌ఓ వాడొద్దని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది కూడా. మా నీళ్ల జబ్బు వేరే, సూక్ష్మజీవులు. దానికి ఇసుక, క్లోరిన్, పగలని పైపు చాలు. పైగా మా ప్లాంటుకి నీళ్లు ఎక్కడివని అడిగితే, అదే చెరువువి! ఆ నీళ్లనే తోడి, ఫిల్టరు చేసి, కొంత టిన్నుల్లో పోసి, దాదాపు అంతే నీళ్లని పక్క డ్రెయిన్లోకి వదులుతున్నారు. ఊరి చెరువు బాగోలేదని ఊరి చెరువునే కొనుక్కుంటున్నాం.

నీళ్లు ఎక్కడ చెడాయి

జూన్‌లో మళ్లీ వెళ్లి, ఊళ్లో నీళ్లు వదిలే వాటర్‌మన్‌తో కలిసి చెరువు నుంచి చివరి వీధి దాకా నడిచాను. అతన్ని తప్పుపట్టాలని బయల్దేరలేదు. ఊరందరి నీళ్లూ అతని చేతి మీదుగా పోతాయి, జీతం మాత్రం నెలల తరబడి రాదు.

చెరువు పక్కన ఇసుక ఫిల్టర్లు రెండున్నాయి. పెద్ద సిమెంటు తొట్టి, లోపల అడుగున కంకర, పైన సన్న ఇసుక. చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది గానీ ఇది గొప్ప ఏర్పాటు. నీళ్లు మెల్లగా దిగుతుంటే ఇసుక పైన పల్చటి జిగురు పొర ఏర్పడుతుంది. ఆ పొరలో బతికే జీవులే చెడ్డ క్రిముల్ని తినేస్తాయి. కరెంటు అక్కర్లేదు, మెంబ్రేన్లు అక్కర్లేదు. మట్టి పట్టి నీళ్లు దిగడం ఆగితే పైన రెండంగుళాల లోపు ఇసుక చెక్కేసి మళ్లీ నింపాలి, అంతే. మా ఫిల్టర్లలో ఒకదాంట్లో తుంగ మొలిచింది. రెండోది నడుస్తోంది గానీ, "ఎండాకాలం నీళ్లు చాలవండి, అందుకే బైపాస్ తిప్పేశాం" అన్నాడు. అంటే ఆ రోజుల్లో చెరువు నీళ్లు నేరుగా ట్యాంకుకి ఎక్కాయి.

ట్యాంకు నలభై వేల లీటర్లది. బ్లీచింగ్ వేస్తున్నారా అని అడిగాను. "ఆయ్, రోజూ వేస్తానండి" అని గదిలో బస్తా చూపించాడు. మూతి విప్పి గోడకి ఆనించి ఉంది. మంచి బ్లీచింగ్ అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, ఆ ట్యాంకుకి వంద గ్రాములు సరిపోతుంది. నీళ్లు వదిలే ముందు కనీసం అరగంట కలిసి ఉండాలి. కానీ గాలి తగిలితే దాని బలం రోజురోజుకీ పోతుంది. నేను కొంచెం చేతిలోకి తీసుకుని వాసన చూశాను. ముక్కు పట్టుకోవాల్సిన చోట సున్నం వాసన వచ్చింది. అతను రోజూ నిజంగానే వేస్తున్నాడు. వేసిందాంట్లో పస లేదు, అది అతనికి ఎవరూ చెప్పలేదు.

అక్కడ్నుంచి పైపు. ఇదే నేను ఎక్కువసేపు చూసింది. మా వీధి దాకా పైపు రోడ్డు కింద వెళ్తుంది. చివరి వీధిలోకి తిరిగేచోట సైడు కాలువలో దిగి, అరవై అడుగుల దూరం మురుగులోనే నడిచి, అవతల లేచింది. మధ్యలో ఒక జాయింటుకి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. నీళ్లు వదిలిన గంటసేపు ఆ ట్యూబు పక్కనుంచి మంచినీళ్లు సన్నగా బయటికి చిమ్ముతాయి. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు ఆ చిల్లులోంచే మురుగు లోపలికి పోతుంది. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు ఇచ్చారు కాబట్టి పైపు ఖాళీగా ఉన్న సమయం ఇంకా ఎక్కువ.

ఇంకోటి కూడా ఉంది, ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. ప్రెషర్ చాలక మా వీధిలో దాదాపు ప్రతి ఇంట్లో కుళాయి కనెక్షన్‌కే మోటారు బిగించుకున్నాం. మాదీ ఉంది. నీళ్లు వదలగానే ఇన్ని మోటార్లు ఒకేసారి లాగితే చివరి వీధి పైపులో నీళ్లు తోసుకుపోవడం పోయి లోపలికి పీల్చడం మొదలవుతుంది. స్ట్రాకి చిల్లుంటే గాలి వచ్చినట్టు, ఇక్కడ మురుగు వస్తుంది. మేము మేడ మీద ట్యాంకు నింపుకున్న ప్రతిసారీ ఆ సైకిల్ ట్యూబు జాయింటు దగ్గర ఏం జరిగిందో నాకిప్పుడు తెలుసు. మే నెలలో చిట్టెమ్మ కొడుక్కి ఎక్కిన సెలైన్‌లో మా మోటారు వాటా ఎంతో లెక్క కట్టలేను. వాటా లేదని మాత్రం అనలేను.

ఇది మా ఊరొక్కదాని కథ కాదు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరు ఆనందపేటలో మనుషులు చనిపోయింది మంచినీళ్ల పైపులో మురుగు కలిసే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోతే మళ్లీ తాగునీటి వైపే వేలు చూపించారు. ప్రతిసారీ మంత్రులొస్తారు, ట్యాంకర్లొస్తాయి, పైపు మారుస్తామంటారు. ప్రతిసారీ అది పేదవాళ్ల వీధే. ఆ వీధులకి చెడ్డ రాత ఉందా? లేదు. కుళాయి నీళ్లు తాగేవాళ్లు అక్కడే మిగిలారు.

ఫ్యాక్టరీల సంగతి

ఇది చదివి ఎవరైనా అడగొచ్చు. పెద్ద కాలుష్యం ఫ్యాక్టరీలదైతే, రొయ్యల చెరువులదైతే, నువ్వు వాటర్‌మన్‌నీ ఇంటి మోటార్లనీ పట్టుకున్నావేంటని. నాకూ ఆ అనుమానం ఉంది. మా చెరువుకి నీళ్లిచ్చే కాలువ పైన ఇప్పుడు చేపల చెరువులున్నాయి. పట్టుబడికి ముందు వాటి నీళ్లు డ్రెయిన్లోకి వదలాలి, కొందరు రాత్రిపూట కాలువలోకే వదులుతారు. ఆ రోజు చెరువులోకొచ్చే నీళ్లకి ఆకుపచ్చ రంగు, కుళ్లు వాసన. దానికి ఇసుక ఫిల్టరు సరిపోదు. పైవాడు వదిలే మురికిని కిందివాడు బ్లీచింగ్‌తో కడుక్కోవాలనడం న్యాయం కాదు.

కానీ పెద్ద కాలుష్యం మీద పోరాటాలు ఎలా మొదలయ్యాయో చూస్తే నా మాటే బలపడుతుంది. పటాన్‌చెరులో కంపెనీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలూ బావులూ పాడైనప్పుడు, దాన్ని వదలకుండా పట్టుకున్నవాళ్లలో డాక్టర్ అల్లాణి కిషన్‌రావు ఒకరు. ఆయన అక్కడే వైద్యం చేసేవారు. రోజూ వచ్చే రోగుల్లో నీళ్ల జబ్బు ఆయనకి కనిపించింది. 1990లో కేసు సుప్రీంకోర్టుకెళ్లింది, తర్వాత హైకోర్టు, హరిత ట్రైబ్యునల్ అంటూ ఏళ్ల తరబడి నడిచింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లని కొలిస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. శుద్ధి చేశామని చెప్పిన నీళ్లలో! అక్కడి మనుషులు దశాబ్దాలుగా మొత్తుకున్నది ప్రపంచం నమ్మింది ఒక అంకె బయటికొచ్చాకే.

ఏలూరు మా ఊరికి దూరం కాదు. 2020 డిసెంబరులో అక్కడ మనుషులు నడుస్తూ నడుస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయారు, దాదాపు ఆరువందల మంది. రక్తంలో సీసం, నికెల్ అన్నారు, పురుగుమందుల అవశేషాలన్నారు. ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి నిపుణులొచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు అన్నీ పట్టుకెళ్లారు. జబ్బు వచ్చాక పట్టిన శాంపిల్ అది. ఆ ముందు వారం ఆ వీధి కుళాయిలో ఏముందో ఇంటి దగ్గర రాసిపెట్టుకున్నవాళ్లుంటే ఎంత తేడా ఉండేదో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. రోజూ తాగేవాళ్లు రోజూ కొలిస్తే, పైన చేపల చెరువు మీద ఫిర్యాదుకి కూడా చేతిలో కాగితం ఉంటుంది. వాసన వచ్చిందంటే ఎవరూ వినరు. ఫలానా తేదీన ఫలానా కుళాయిలో ఇంత అంటే వినాల్సి వస్తుంది.

ఆరు సీసాలు

ఇంటింటికీ కుళాయి పథకంలో ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష నేర్పాలని ఉంది. మా ఊళ్లోనూ నేర్పారు, వదిన అందులో ఒకరు. డ్వాక్రా సంఘం నుంచి పేరు రాసుకున్నారట, ఒక పూట శిక్షణ, టిఫిను, ఫొటో. కిట్టు ఎక్కడుందని అడిగితే గ్రామ సచివాలయంలో బీరువా పైన ఉందంది. దించి చూస్తే కొన్ని సీసాలు సీలు కూడా తియ్యలేదు, గడువు ఇంకా ఉంది.

క్రిముల పరీక్ష చాలా తేలిక. వేలెడంత సీసా, అడుగున ఎండిన మందు. గుర్తు దాకా నీళ్లు పట్టి మూత బిగించి గదిలో వదిలెయ్యాలి. ఒకట్రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లలో మలం కలిసినట్టు అనుమానించాలి. నల్లబడకపోతే ఆ పూటకి ఊరట. ఆరు సీసాలు పట్టాం. చెరువు, ట్యాంకు కింద కుళాయి, మా పెరడు, బడి, చివరి వీధిలో చిట్టెమ్మ ఇంటి ముందు కుళాయి. ఆరోది ఏం పడదామంటే వదినే అంది, "మన టిన్ను పడదాం."

వంటింటి కిటికీలో వరసగా పెట్టాం. రాత్రంతా నేనూ వదినా ఏదో పరీక్ష రాసినట్టు లేచి లేచి చూశాం. మర్నాడు మధ్యాహ్నానికి చెరువు సీసా నల్లబడింది, అది అనుకున్నదే. సాయంత్రానికి చిట్టెమ్మ వీధి సీసా సిరాలా అయింది. ట్యాంకుది, మాది, బడిది బాగానే ఉన్నాయి. రెండో రోజు పొద్దున లేచేసరికి టిన్ను సీసా కూడా నల్లగా ఉంది.

అది చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఒక్క సీసాతో ప్లాంటు మీద తీర్పు చెప్పడం తప్పు. మా టిన్ను నాలుగు రోజుల కింద తెచ్చింది, మూత తీసి అందరం గ్లాసు ముంచుతాం, పిల్లలు చెయ్యి పెడతారు. మళ్లీ కొత్త టిన్ను పట్టినప్పుడు నల్లబడలేదు. కాబట్టి తప్పు మా చేతిదే కావచ్చు. కానీ ఇన్నేళ్లలో మేము ఆ నీళ్లని ఒక్కసారి కూడా అనుమానించలేదు. మూత నీలంగా ఉంది, లోపల తేటగా ఉంది, డబ్బిచ్చాం. ఆ నమ్మకంతోనే పిల్లాడి మీద అరిచి గ్లాసు వదిలేయించాం. ఆ రోజు పెరటి కుళాయి నీళ్లే మేలేమో.

రెండు నల్ల సీసాలు, మూడు తెల్ల సీసాలు పట్టుకుని వదిన పంచాయతీకెళ్లింది. నాన్న కూడా వెళ్లాడు, చాలా ఏళ్ల తర్వాత. కేంద్రం నుంచి పంచాయతీలకొచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్లకీ పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలని అప్పుడు నియమం ఉండేది కాబట్టి డబ్బు లేదనే మాట ఎక్కువసేపు నిలబడలేదు. కార్యదర్శి కొత్తబ్బాయి. సీసా వెలుతురులో పట్టుకుని చూసి, "ఇది మా పిల్లలు తాగే బడి కుళాయిదా అండీ?" అని అడిగాడు. కాదు, చివరి వీధిది అంటే అతని మొహంలో కంగారు కొంచెం తగ్గింది. వదిన ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పి ఏడ్చింది.

బ్లీచింగ్ ఇప్పుడు మూతున్న డ్రమ్ములో ఉంటోంది. క్లోరిన్ ఉందో లేదో చివరి కుళాయి దగ్గర చూస్తున్నారు, చుక్క మందు వేస్తే నీళ్లు పసుపు రంగు తిరగాలి. పైపుని మురుగు కాలువలోంచి పైకి లేపారు, అరవై అడుగులకి ఇన్నేళ్లు పట్టింది. తుంగ మొలిచిన ఫిల్టరు అలాగే ఉంది. మోటార్ల దగ్గరే పెద్ద గొడవ. మాది తీసేశాం. కింద చిన్న సంపు కట్టి, వచ్చిన నీళ్లు అందులో పడ్డాక మేడకి తోడుకుంటున్నాం. దానికి ఖర్చయింది, మేము పెట్టుకోగలిగాం. ఎదురింటి బాబాయ్ తియ్యనన్నాడు. "మీకు హైదరాబాద్ జీతాలున్నాయి, సంపు కట్టించుకున్నారు. నేను పొద్దున్నే బిందెలు మోసుకోనా?" అన్నాడు. ఆయనకి డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆయనకి నా దగ్గర జవాబు లేదు. ట్యాంకు ఎత్తు పెంచి ప్రెషర్ ఇవ్వాల్సింది పంచాయతీ, ఆయన కాదు.

దసరాకి వెళ్లినప్పుడు చిట్టెమ్మ వాకిట్లో పూలు గుచ్చుతోంది. చివరి వీధి సీసా వరసగా మూడు నెలలు నల్లబడలేదని, ఇప్పుడు భయం లేకుండా తాగొచ్చని సంబరంగా చెప్పాను. ఆమె దారం కొరికి నా వైపు చూసింది.

"మరి మీరు తాగుతున్నారా అమ్మా?"

కాచుకుని తాగుతున్నామని చెప్పాను. అది నిజమే, కానీ నాన్నకి ఇంకా టిన్నే. 

"రోజూ కాయాలంటే మాకు గ్యాసెక్కడ సరిపోద్దండి" అంది, దండ ముడి వేస్తూ.

లోపల్నుంచి వదిన కొత్త సీసా తెచ్చింది. దాని మీద "మన పెరడు" అని రాసి కుళాయి దగ్గరికెళ్లి, ముందు ఒక గ్లాసు పట్టుకుని తాగి, తర్వాత సీసా పట్టింది.